నడుము ఎక్కడ కొలిచారు?

డేటా చదువులకని ఈ దేశం వచ్చే మన పిల్లలు కొందరు ఏదైనా ఫంక్షన్‌లో నేను కనబడితే పక్కకి తీసుకెళ్లి, "అంకుల్, మీరు డిగ్రీ లేకుండానే జెనెటిక్స్ ల్యాబులో పనిచేశారంట కదా, ఎలా?" అని అడుగుతుంటారు. ఎలా చేరానో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అక్కడ చేసిన తప్పు గురించి చెప్పాలంటే కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ వాళ్లకి పనికొచ్చేది అదే. ఆ తప్పు నాది. దాని ఫలితం అనుభవించింది మాత్రం ఇంకొకరు.

ముందు ఆ రెండు నిమిషాల సంగతి. నేను బీకాం రెండో ఏడు దాటలేదు. లండన్ దగ్గర హేస్‌లో, విమానాశ్రయం పక్కన, ఒక కార్గో గోదాములో ఎనిమిదేళ్లు స్టాకు లెక్క చూశాను. ఎన్ని పెట్టెలు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, తేడా వస్తే ఎందుకొచ్చింది. ఈ మూడో ప్రశ్న దగ్గర నాకు రుచి తగిలింది. ఆ రుచి కొద్దీ లైబ్రరీ నుంచి గణాంకశాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని, ప్రతి చాప్టరు చివరా ఉన్న లెక్కలన్నీ చేసి, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. 2010లో కేంబ్రిడ్జ్ శివార్లలో ఒక పరిశోధన గ్రూపు వాళ్లు డేటా అసిస్టెంట్ కావాలని ప్రకటన ఇచ్చారు. ఇంటర్వ్యూలో ఒక ఫైలు చేతికిచ్చి ఇందులో తప్పులు పట్టమన్నారు. వాళ్లు పెట్టిన తప్పులు ఆరు. నేను ఏడు పట్టాను. ఆ ఏడోది వాళ్లకీ తెలియదు. ఉద్యోగం దానికే ఇచ్చామని మా గ్రూపు పెద్ద, యార్క్‌షైర్ నుంచి వచ్చిన ప్రొఫెసర్, తర్వాత ఎప్పుడో చెప్పారు. ఆ ఏడు అనే అంకె చాలా ఏళ్లు నా నెత్తికెక్కి కూర్చుంది.

మా గ్రూపు వెతికేది ఇది. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరిలో ఒకరికి కొవ్వు ఒళ్లంతా సర్దుకుంటుంది, ఇంకొకరికి పొట్ట చుట్టూనే చేరుతుంది. చైనా, జపాన్, కొరియా మనుషుల్లో, చూడటానికి సన్నగానే ఉన్నవాళ్లలో కూడా, పొట్ట దగ్గర కొవ్వు చేరడం, దాని వెనకే షుగరు రావడం డాక్టర్లు ఎప్పట్నుంచో గమనిస్తున్నారు. మన వాళ్ల సంగతీ ఇంచుమించు అంతే. తిండి, నడక, కూర్చుని చేసే పని కొంత కారణం. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు కొంత. ఆ రెండో భాగం మాది. జన్యువుల్లో లక్షల చోట్ల మనిషికీ మనిషికీ ఒక్క అక్షరం తేడా ఉంటుంది. ఏ అక్షరం ఉన్నవాళ్లకి, బరువు ప్రభావం తీసేశాక కూడా, నడుము చుట్టుకొలత ఎక్కువగా ఉందో ఒక్కో చోటూ లెక్క కట్టి చూడాలి. మనుషుల పేర్లు మాకు తెలియవు. అంకెలే వస్తాయి.

ఆ లెక్క కట్టేది కొరియా నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలు. నాకు ఎదురు సీటు. నేను ఫైళ్లు శుభ్రం చేసి ఇస్తే ఆమె విశ్లేషణ చేసేది. తను చేరిన రోజునే నా వయసు అడిగింది. ఆఫీసులో ఇంగ్లీషు వాళ్లు ఉలిక్కిపడి చూశారు గానీ నాకు వింతనిపించలేదు, మన ఊళ్లలో రైలెక్కితే పక్క సీటాయన అడిగే మొదటి ప్రశ్న అదే. తనకంటే పన్నెండేళ్లు పెద్దవాణ్ణని తెలిశాక, నాకు ఏ కాగితం ఇచ్చినా రెండు చేతులతో ఇచ్చేది. తక్కువ మాట్లాడేది. మాట్లాడితే ఒక వాక్యం, అది కూడా బాగా ఆలోచించి.

ఆమె సొంత దేశం నుంచి వచ్చిన ఫైలు మా చేతికి వచ్చినప్పుడు ఇద్దరం సంతోషించాం. పెద్ద ఫైలు, అరవై రెండు కాలమ్‌లు. లెక్కకి కావలసినవి పదిహేడు ఉంచి మిగతావి తీసేశాను. తీసేసిన వాటిలో ఒకటి నిండా ఒకట్లూ రెండ్లే ఉన్నాయి. పైన పేరు కొరియన్ లిపిలో ఉంది. ఏమిటని అడిగితే, ఏ కేంద్రంలో కొలిచారో చెప్పేది అంది. ఒకటి అంటే రాజధాని దగ్గర ఒక ఊరు, రెండు అంటే దక్షిణాన సముద్రంలో ఒక దీవి. నేను సరేనని తీసేశాను. గోదాము అలవాటు అది. పెట్టె ఏ తలుపులోంచి లోపలికి వచ్చిందో సాయంత్రానికి ఎవరికీ అక్కర్లేదు, మొత్తం ఎన్నున్నాయో కావాలి.

ఫైలుతో పాటు కొలతలు తీసే పద్ధతి చెప్పే చేతిపుస్తకాలు కూడా వచ్చాయి, ఒక్కో కేంద్రానిది ఒకటి. అవి చదవగలిగింది ఆమె ఒక్కతే. ఫైలు శుభ్రంగా ఉందని నేను చెప్పాను కాబట్టి ఆమె వాటిని తెరవలేదు. ఆమె ఏమీ అనలేదు కాబట్టి వాటిలో ఏమీ లేదని నేను అనుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఫలితం కనబడింది. ఒకానొక చోట ఒక అక్షరం ఉన్న ఆడవాళ్లకి నడుము ఎక్కువ. మగవాళ్లలో ఏమీ లేదు. ఆడవాళ్లలో మాత్రం తేడా ఎంత గట్టిగా ఉందంటే, ప్రొఫెసర్ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రెండోసారి చదివారు. మరి ఆడవాళ్లలోనే ఎందుకు? హార్మోన్లన్నారు ఒకరు. కాన్పుల తర్వాత వచ్చే మార్పన్నారు ఇంకొకరు. మూడో వివరణ నాదే, దాన్ని ఇక్కడ రాయడానికి మనసొప్పడం లేదు. జపాన్, తైవాన్ నుంచి మాకు వచ్చిన ఫైళ్లలో ఆ తేడా కనిపించలేదు. దానికి కూడా ఒక వివరణ చెప్పుకున్నాం. లేని దానికి మేం చెప్పుకున్న కారణాలు మొత్తం నాలుగు.

ఆమె కాంట్రాక్టు ఆ జూలైతో అయిపోతుంది. వీసా ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఐదేళ్ల ఫెలోషిప్ ఒకదానికి అప్లై చేసింది, ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది, మార్చి చివర్లో ఒక గురువారం లండన్‌లో. అది వస్తే సొంత గ్రూపు, సొంత పని. రాకపోతే సామాను సర్దుకోవడమే. చూపించడానికి ఆమె దగ్గరున్న గట్టి సంగతి ఆ ఒక్క ఫలితం.

ఆ గురువారానికి ముందు ఆదివారం హేస్‌లో మన వాళ్ల సంఘం ఒక హెల్త్ క్యాంపు పెట్టింది. గుంటూరు వైపు డాక్టరు గారు ఒకాయన, దగ్గర్లోనే జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, ఏటా చేస్తుంటారు. రిజిస్టరు రాయడానికి నన్ను పిలిచారు. కేంబ్రిడ్జ్ వెళ్లినా ఈ పని నన్ను వదల్లేదు. బీపీ, షుగరు, బరువు, నడుము. నడుము కొలవడానికి రెండు లైన్లు. ఒక దాంట్లో ఆయన క్లినిక్‌లో పనిచేసే నర్సు, ఇంకో దాంట్లో మెడిసిన్ చదువుతున్న ఆయన కూతురు.

పదకొండింటికి కరీంనగర్ ఆంటీ ఒకావిడ నా టేబులు దగ్గరికి వచ్చి తన కార్డు బల్ల మీద పెట్టింది. మొదట కూతురు లైన్లో నిలబడిందట. తర్వాత నర్సు లైన్లో తెలిసినావిడ కనబడితే మాట్లాడుతూ మళ్లీ అక్కడా కొలిపించుకుంది.

"గిదేంది తమ్మీ, ఆ పిల్ల ఎనభై ఎనిమిది రాసింది. నర్సమ్మేమో తొంభై ఐదు అంటున్నది. మధ్యల నేను తిన్నది ఒక్క సమోసనే."

లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. డాక్టరు గారు వచ్చి రెండు అంకెలూ చూసి కూతుర్ని పిలిచారు. ఆ అమ్మాయి తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"డాడ్, నర్స్ ఈజ్ డూయింగ్ ఇట్ ఎట్ ద బెల్లీ బటన్. ఐ యామ్ డూయింగ్ ఇట్ ద ప్రాపర్ వే."

సరైన పద్ధతంటే ఆ అమ్మాయి చదువుకున్నది: కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో. నర్సు చీర కుచ్చిళ్లు కాస్త కిందికి దింపమని, బొడ్డు మీదుగా టేపు చుడుతోంది. ఆంటీ భర్త వెనకే నిలబడి, ఆ ఏడు సెంటీమీటర్లు తన ఇంటి బియ్యానివేనని అంటున్నాడు. ఆయన్ని కూడా రెండు లైన్లలోనూ కొలవమన్నాను. నూటొకటి, నూటరెండు. ఒక్కటే తేడా.

ఇంకో జంటని పంపాను. ఆయనకి రెండు, ఆవిడకి ఆరు. ఇంకో జంట. ఆయనకి తేడా లేదు, ఆవిడకి ఐదు. డాక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఏంటండీ, నా క్యాంపుని మీ ల్యాబు చేసేశారా? ఆడవాళ్లకి నడుము దగ్గర వంపు ఉంటుందండీ, కాస్త పైకో కిందికో జరిపితే కొలత మారిపోద్ది. మగాళ్లం పీపాల్లాంటి వాళ్లం, మనకి ఎక్కడ కొలిచినా ఒకటే."

ఆయన నవ్వుతూనే అన్నారు. నేను పెన్ను కింద పెట్టాను. ఆడవాళ్లలో ఉంది, మగవాళ్లలో లేదు. ఈ మాట ఆరు నెలలుగా మా గ్రూపులో రోజుకొకసారైనా ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో మోటర్‌వే మీద మేం దిగాల్సిన మలుపు నేను దాటించేసేసరికి, క్యాంపుకి నాతో వచ్చిన నా భార్య లెక్క తప్పిందా అని అడిగింది. తప్పినట్టుందన్నాను. "మీదా, వాళ్లదా?" అంది. నాదే అన్నాను. 

సోమవారం పొద్దున అసలు ఫైలు తీశాను. నేను తీసేసిన కాలమ్ అందులో చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని తిరిగి లెక్కలో పెట్టి ఆడవాళ్ల వరకు మళ్లీ నడిపించాను. పదీ ఇరవైకి జవాబు వచ్చింది. ఆ గట్టి ఫలితం లేదు. తగ్గడం కాదు, అసలు లేదు.

జరిగిందేమిటంటే, దీవిలో బొడ్డు దగ్గర కొలిచినట్టున్నారు, రాజధాని దగ్గర ఊళ్లో దానికి పైన. అందుకని దీవి ఆడవాళ్ల నడుములన్నీ మా ఫైలులో నాలుగైదు సెంటీమీటర్లు పెద్దవయ్యాయి. ఆ అక్షరం దీవి వాళ్లలో కాస్త ఎక్కువమందికి ఉంది, తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లు కాబట్టి. రెండూ కలిపి చూస్తే, ఆ అక్షరమే నడుము పెంచుతున్నట్టు కనబడింది. వంశమూలాల తేడాని సరిచేసే లెక్క ఒకటి ఉంటుంది, అదీ చేశాం. కానీ ఇంత సన్నని తేడాని అది మొత్తం పట్టుకోలేదు. కేంద్రం కాలమ్ ఒక్కటుంటే పట్టుకునేది. మేం ఆరు నెలలు చూసింది జన్యువుని కాదు, టేపు పెట్టిన చోటుని.

ఇప్పుడు పిల్లలు శ్రద్ధగా వినాల్సిన భాగం. ఆమె నా ఎదురుగానే కూర్చుని ఉంది. చెప్పడానికి నాలుగడుగుల దూరం. నేను చెప్పలేదు. ఇంకోసారి సరిచూద్దామనుకున్నాను. సరిచూశాను. వేరే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. అదీ అదే చెప్పింది. మధ్యాహ్నం ఆమె డబ్బాలోంచి సముద్రపు నాచు చుట్టిన అన్నం ముక్కలు రెండు తీసి, ఎప్పటిలాగే రెండు చేతులతో నా బల్ల మీద పెట్టింది. తిన్నాను. మూడింటికి తన స్లైడ్లు చూపించి ఇంగ్లీషు ఎక్కడైనా తేడాగా ఉందా అని అడిగింది. ఏడో స్లైడు మీద ఆ ఫలితమే ఉంది, ఎర్ర రంగులో. ఇంగ్లీషు బాగుందన్నాను.

నా భయం ఆమె గురించి కూడా కాదు. డిగ్రీ ఉన్నవాడు తప్పు చేస్తే పొరపాటు జరిగిందంటారు. లేనివాడు చేస్తే ముందే అనుకున్నాం అంటారు. నాలుగేళ్లుగా ఆ మాట ఎవరి నోటా రాకుండా చూసుకున్నాను. ఇంకో మూడు రోజులు ఆగితే ఇంటర్వ్యూ అయిపోతుంది. ఆ తర్వాత చెప్తే ఆమెకి ఫెలోషిప్ వస్తుంది, నేను చెప్పినట్టూ ఉంటుంది. ఆ రాత్రి భోజనం దగ్గర ఈ లెక్క నాకు చాలా సబబుగా కనిపించింది. అంత సబబుగా కనిపించిందనే అనుమానం వచ్చింది. గోదాములో లెక్క తొందరగా కుదిరితే మళ్లీ ఎంచేవాణ్ణి.

మంగళవారం తొమ్మిదిన్నరకి ఆమెని చిన్న మీటింగు గదికి పిలిచి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాను. కాలమ్ లేకుండా ఒకటి, ఉంచి ఒకటి. ఆ కాలమ్ తీసింది నేనని చెప్పాను. ఆమె రెండు కాగితాలూ చాలాసేపు చూసింది. తర్వాత బయటికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చుకుని, ఆ చేతిపుస్తకాలు రెండూ తెరిచింది. ఒక్కో వాక్యం నాకు ఇంగ్లీషులో చెప్పింది. ఒక దాంట్లో, పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య. రెండో దాంట్లో, బొడ్డు ఎత్తున. పక్కన మనిషి బొమ్మ, బొడ్డు మీదుగా గీత.

"పద్నాలుగు నెలలుగా ఇవి నా దగ్గరున్నాయి," అంది. "ఇది నాలుగో పేజీ."

నేను క్షమించమన్నాను. ఆమె తల ఊపింది, అవునన్నట్టో వద్దన్నట్టో నాకు తెలియలేదు. ఇద్దరం కలిసి ప్రొఫెసర్ గదికి వెళ్లాం.

ఆయన విని, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. కోప్పడలేదు. కోప్పడితే తేలిగ్గా ఉండేది. ఇంటర్వ్యూ గురువారం కదా అన్నారు. ఒక కొత్త విశ్లేషణ ఒక్కసారి నడిపినంత మాత్రాన అది తేలినట్టు కాదనీ, పద్ధతి ప్రకారం ఇంకొకరు సరిచూడాలనీ, ఆ పని శుక్రవారం మొదలుపెడితే ఎవరూ తప్పుపట్టరనీ అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మా ఇద్దరి వైపూ చూడలేదు. మంచి మనిషి. ఆమెని ఉంచుకోవాలని ఆయనకి చాలా ఉంది.

ఆమె అంది: "అంటే గురువారం నాకు తెలియనట్టు మాట్లాడాలి. నా ఇంగ్లీషు అంతవరకు రాదు."

ఆయన చిన్నగా నవ్వి, సరే, నీ ఇష్టం అన్నారు. నా గురించి ఏమంటారోనని నేను నిలబడే ఉన్నాను. ఏడో తప్పు పట్టినవాడివి నువ్వే కదా, ఎనిమిదోది కూడా నువ్వే పట్టావు, కాకపోతే ఈసారి పెట్టింది కూడా నువ్వే అన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా గురించి ఎవరైనా చెప్పిన వాటిలో అంత కచ్చితమైనది ఇంకోటి లేదు.

బుధవారం అంతా ఇద్దరం కూర్చుని స్లైడ్లు కొత్తగా చేశాం. లెక్క మొత్తం రెండు కేంద్రాలకీ విడివిడిగా కట్టి, చివర్లో కలిపాం. మొదట్నుంచీ చేయాల్సింది అదే. మిగిలింది ఒక చిన్న ఫలితం, వేరే జన్యువు దగ్గర, ఆడా మగా ఇద్దరిలోనూ, సన్నగా. అది జపాన్ ఫైలులో కూడా ఉంది. దాన్ని చూసి ఎవరూ కిటికీ దగ్గరికి వెళ్లరు. కానీ అది ఉంది.

గురువారం ఆమె లండన్ వెళ్లొచ్చింది. ఎలా జరిగిందని అడిగితే, ప్రశ్నలు బాగా అడిగారంది. రెండు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. ఫెలోషిప్ రాలేదు. నిజం చెప్పినందుకే రాలేదని నేను అనను. ఆ చిన్న ఫలితం ఐదేళ్లకి సరిపోలేదు, అంతే. పెద్దది నిజమై ఉంటే సరిపోయేది. నేను ఆ కాలమ్ తీయకుండా ఉంటే ఆమె ఆరు నెలలు దాని వెనక తిరిగేది కాదు, ఆ టైములో ఇంకేదైనా దొరికేదేమో. ఆ లెక్క మాత్రం నేను ఎప్పటికీ కట్టలేను, దానికి కావలసిన అంకెలు ఎక్కడా లేవు.

నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. గ్రాంటు అయిపోయి 2019లో గ్రూపు మూసేసేదాకా అక్కడే పనిచేశాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫైలుకీ మొదట నేను రాసే ప్రశ్న ఒకటే ఉండేది: నడుము ఎక్కడ కొలిచారు, ఎవరు కొలిచారు. కొందరు విసుక్కునేవారు. కొందరు రెండు నెలలకి జవాబిచ్చేవారు. జవాబు వచ్చేదాకా ఫైలు తెరిచేవాణ్ణి కాదు.

కాంట్రాక్టు అయిపోయి ఆ జూలైలో ఆమె వెళ్లిపోయే రోజు, స్టేషను బస్సు ఎక్కించడానికి నేను పెట్టెతో పాటు స్టాపు దాకా వెళ్లాను. సొంతూరి దగ్గర ఒక ఆసుపత్రిలో గణాంకాల ఉద్యోగం దొరికిందని చెప్పింది. బస్సుకి ఇంకా తొమ్మిది నిమిషాలుందని బోర్డు చూపిస్తోంది. ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"నాకు చెప్పకుండా ఉండిపోదామని అనుకున్నారా?"

"అనుకున్నాను," అన్నాను. "ఇరవై మూడు గంటల పది నిమిషాలు. అందులో ఆరు గంటలు నిద్రపోయాను."

ఆమె లెక్క ఒప్పుకున్నట్టు తలాడించింది. "నేను యాభై నిమిషాలు. లండన్ రైల్లో. పాత స్లైడ్లు కూడా పట్టుకెళ్లాను, మీకు చెప్పలేదు. గది తలుపు దాకా రెండూ నా దగ్గరే ఉన్నాయి."

మరి ఎక్కడ తేల్చుకున్నావని అడిగాను.

"లోపల. కూర్చోగానే వాళ్లలో ఒకావిడ, నీకు అన్నిటికంటే ఇష్టమైన ఫలితం గురించి చెప్పు అంది. నాకు ఇష్టమైనది పాతదే. అందుకని దాని గురించే చెప్పాను. ఎలా వచ్చిందో, ఎలా పోయిందో. పన్నెండు నిమిషాలు పట్టింది. మిగతా స్లైడ్లకి టైము చాల్లేదు."